అనంతపురంలో ఐదు సెంట్ల ఇల్లు, నెల జీతం: బజారు మీద ఆధారపడటం తగ్గించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అనంత గృహస్థు (అనంతపురం)

అందరికీ నమస్కారం. మేము అనంతపురం శివార్లలో, బుక్కరాయసముద్రం దారిలో, ఐదు సెంట్ల స్థలంలో కట్టుకున్న ఇంట్లో ఉంటున్నాము. అమ్మ, నేను, నా భార్య, హైస్కూలు చదువుల్లో ఉన్న ఇద్దరు పిల్లలు కలిపి ఐదుగురం. నేను ఒక చిన్న సంస్థలో పద్దులు రాసే ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 32,000 రూపాయలు చేతికి వస్తే అందులో 9,000 ఇంటి అప్పు కంతుకు పోతుంది. పిల్లల ఫీజులు, అమ్మ మందులు పక్కన పెడితే, మిగిలినదంతా దాదాపుగా తిండికీ, కరెంటుకూ, గ్యాసుకూ, నీళ్ల క్యాన్లకూ సరిపోతోంది. జీతం పెరిగే దారి దగ్గరలో కనిపించడం లేదు కనుక, ఖర్చు తగ్గించుకోవడమే కాకుండా, మాకు కావలసిన వాటిలో కొన్నింటినైనా మేమే సమకూర్చుకోవాలని ఇంట్లో కూర్చుని అనుకున్నాము.

అనుకున్నంత వరకు బాగానే ఉంది కానీ, దేనితో మొదలుపెట్టాలన్న దగ్గర తలా ఒక దారి అయింది. మేడ మీద కూరగాయల తోట వేయాలని నా భార్య అంటోంది. ఒక ఎనుమును (గేదెను) కొంటే పాలు, పెరుగు, నెయ్యి ఇంట్లోనే ఉంటాయని అమ్మ పట్టుదల. మేడ మీద సోలార్ పలకలు పెట్టించాలని నాకుంది. మా పక్కింటి ఆయన మాత్రం, ఇవన్నీ ఎందుకు, ఏడాదికి సరిపడా శెనక్కాయలు (వేరుశెనగ) కొని గానుగలో నూనె ఆడించుకోండి, అదే పెద్ద ఆదా అంటాడు.

మా పరిస్థితి తెలిస్తే సలహా చెప్పడం సులభమని ఈ వివరాలు ఇస్తున్నాను. మేడ వైశాల్యం 800 చదరపు అడుగులు. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు 210 యూనిట్ల వరకు కాలుతుంది. ఏసీ లేదు, ఫ్యాన్లు, ఫ్రిజ్జు, టీవీ మాత్రమే ఉన్నాయి. బోరు నీళ్లు వాడకానికే తప్ప తాగడానికి పనికిరావు, అందుకే తాగే నీళ్లు క్యాన్లతో కొంటాము. కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో నాన్నగారి నుంచి వచ్చిన రెండెకరాల ఎర్రనేల మెట్ట ఉంది. దాన్ని ఊళ్లో ఒక రైతుకు డబ్బు గుత్తకు (కౌలుకు) ఇచ్చాము.

చేతిలో ఉన్న పొదుపు తక్కువ కనుక, పెట్టిన డబ్బు త్వరగా తిరిగి వచ్చే పనితో మొదలుపెట్టాలని నా ఆలోచన. మన సీమ వానలూ ఎండలూ తెలిసినవారు చెబితే ఎక్కువ ఉపయోగంగా ఉంటుంది. నేను చూసిన వీడియోల్లో చాలావరకు కాలువ పక్కన కొబ్బరి తోట ఉన్నవారు చేసినవే. అవి చూస్తే ముచ్చటగా ఉంటుంది కానీ మన ఊరికి పనికిరావు.

జవాబు: హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అన్నా, మీరు చెప్పిన నాలుగింటిలో లేని ఒక పనిని నేను ముందు పెడతాను. అది వాన నీళ్లు పట్టుకోవడం. దాని దగ్గరికి వచ్చే ముందు కరెంటు సంగతి తొందరగా తేల్చేద్దాం.

2024-25 ధరల పట్టిక ప్రకారం మన రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు పడతాయి. స్థిర ఛార్జీలు, ఇంధన సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. మీ 210 యూనిట్లకు మూల ధర 927 రూపాయలు అవుతుంది. అందులో చివరి 85 యూనిట్లకే 510 రూపాయలు పోతోంది. అంటే మీరు తగ్గించే ప్రతి యూనిట్టూ ముందుగా ఆరు రూపాయల మెట్టు నుంచే తగ్గుతుంది. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, ఇప్పుడు దొరికే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటి మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మూడు మారిస్తే 60 యూనిట్లు, అంటే ఎండాకాలంలో నెలకు 360 రూపాయలు. చలికాలంలో అంత ఉండదన్నది నిజమే అయినా, కొన్నేళ్లలో ఫ్యాన్ల ఖరీదు తిరిగి వస్తుంది.

సోలార్ సంగతి ఆ తరువాత ఆలోచించండి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ ఉంది. రాయితీ ఎక్కువ వస్తుందని మూడు కిలోవాట్లు పెట్టించమని అమ్మేవారు చెబుతారు. మన ఎండకు ఒక కిలోవాటు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. ఫ్యాన్లు మార్చిన మీ ఇంటికి అదే చాలు. అంతకు మించి పెట్టించేది తగ్గించేవన్నీ 1.90 రూపాయల యూనిట్లే కనుక ఆ పెట్టుబడి మీ ఇంటికి దండగ.

ఇక నీళ్లు. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మీ మేడ 74 చదరపు మీటర్లు. ఆవిరై పోయేది, మొదటి జల్లులకు కడిగి వదిలేసేది ఐదో వంతు తీసేసినా, ఏడాదికి దాదాపు 32,000 లీటర్లు మీ మేడ మీద నుంచి కిందికి దిగిపోతున్నాయి. ఐదుగురికి తాగడానికీ వంటకీ కలిపి మనిషికి ఐదు లీటర్లు అనుకుంటే రోజుకు 25 లీటర్లు, ఏడాదికి 9,000 లీటర్లకు కొంచెం పైన. అంటే 10,000 లీటర్ల సంపు ఒక్కటి ఉంటే, సగటు వాన పడిన ఏడాది మీరు తాగే నీళ్లు కొనవలసిన పని లేదు. ఎనిమిదిన్నర అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, లోపల నీళ్లు నిలిచే లోతు ఆరున్నర అడుగులు ఉంటే అంత నీరు పడుతుంది.

మన జిల్లాల్లో దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. అనంతపురం చుట్టుపక్కల చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లకూ పెద్దల ఎముకలకూ మంచిది కాదు. నీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు. వాన నీటిలో అది దాదాపుగా ఉండదు.

పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. వానలు మొదలయ్యే ముందు మేడ ఊడ్చి కడగాలి, ఏడాది పొడవునా దాని మీద చెప్పులతో తిరగకూడదు. మేడ నుంచి దిగే గొట్టానికి అడుగున మూత ఉన్న ఒక పక్క గొట్టం కలిపితే, ప్రతి వానలోనూ మొదట వచ్చే మురికి నీరు అందులో నిండి, ఆ తరువాతి నీరు మాత్రమే సంపు వైపు మళ్లుతుంది. సంపుకు ముందు ఒక తొట్టిలో కంకర, దాని మీద బొగ్గు, దాని మీద కడిగిన ఇసుక వేయాలి. సంపులోకి వెలుతురు ఏ మాత్రం పోకుండా మూత ఉంటే పాచి పట్టదు. తాగే ముందు కాచుకుంటే చాలు. మనకు ఎక్కువ వాన సెప్టెంబరులో, ఆ తరువాత అక్టోబరులో పడుతుంది కనుక, సంపు పని జూలై లోపల పూర్తి కావాలి.

మేడ తోట విషయంలో మీ ఇంటావిడను నిరుత్సాహపరచను కానీ, తోట ఎంత పెట్టాలన్నది స్థలాన్ని బట్టి కాదు, మిగిలే నీళ్లను బట్టి లెక్కవేయండి. మన వేసవిలో ఒక చదరపు మీటరు కూరగాయల మడికి రోజుకు ఆరేడు లీటర్లు తక్కువ కాకుండా పోయాలి. ఐదుగురు స్నానం చేస్తే వచ్చే నీళ్లు 150 లీటర్ల దాకా ఉంటాయి, అంటే ఇరవై చదరపు మీటర్లకు సరిపోతాయి. అంతకు మించి విత్తితే బోరు నీళ్లతో, కరెంటుతో పండించిన కూర అవుతుంది. నా మాటైతే, మేడ మీద కుండీలు వద్దు. కాంక్రీటు వేడికి మే నెలలో వేళ్లు ఉడికిపోతాయి. కింద నేలలోనే ఒక మునగ, రెండు కరివేపాకు, ఒక బొప్పాయి, అరటి పెట్టి, స్నానాల నీళ్లు వాటికి మళ్లించండి. మునగలో పీకేఎం-1 రకం విత్తనం వేస్తే ఆరు నెలలు దాటగానే కాపు మొదలవుతుంది. జూన్ వానకు ప్రహరీ వెంట బీర, సొర, అలసంద. జూలై, ఆగస్టులో చిక్కుడు. ఖాళీ ఉన్న చోట పుంటికూర (గోంగూర) చల్లండి. మార్చి నుంచి మే వరకు మళ్లకు సెలవు ఇచ్చి, శెనక్కాయ పొట్టు పరిచి వదిలేయండి. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు మాత్రం మొక్కలకు పోయకండి, నేల చౌడు పడుతుంది.

జవాబు: కడప గడప (కడప)

నాయనా, నీళ్ల లెక్క పైన రాసిన అబ్బాయి బాగా చెప్పాడు. తిండి దగ్గర నా మాట వేరు. మన సీమలో ఇంటి స్వావలంబన కూరగాయలతో మొదలు కాదు, మెట్ట ధాన్యంతో, పప్పుతో మొదలవుతుంది. కూరగాయలకు రోజూ నీళ్లు కావాలి. కందులు, జొన్నలు, కొర్రలు, శెనక్కాయలు, చింతపండు, మిరపకాయలు మన నేల మీద వానకే పండుతాయి, ఎండబెడితే ఏడాది నిలుస్తాయి, పంట చేతికొచ్చే రోజుల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. నెలనెలా అంగడిలో కిలో, అరకిలో పొట్లాలు తెచ్చుకునే అలవాటు మానితే మీకు మిగిలేది కూరగాయల్లో మిగిలేదాని కంటే ఎక్కువగా ఉంటుంది.

దేనికి ఏ నెలో చెబుతాను. శెనక్కాయలు అక్టోబరు, నవంబరుల్లో కోతకు వస్తాయి. కందులు డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు. రబీ జొన్నలు, మిరపకాయలు ఫిబ్రవరి, మార్చిలో. చింతపండు కూడా అప్పుడే. మీకు హిందూపురం మార్కెట్టు ఉండనే ఉంది. పసుపుకైతే మా కడప వైపు రండి. ఎర్రగడ్డలు మాత్రం చవకగా ఉన్నాయని కర్నూలు మార్కెట్టు నుంచి ఖరీఫ్ పంట మూట తెచ్చి పెట్టుకోకండి. ఆ గడ్డలో తడి ఎక్కువ, నిలవ ఉండదు, రెండో నెలకే నీరు కారుతుంది. నిలవకు రబీ గడ్డ తీసుకోవాలి, అది కూడా గాలి తగిలేలా తడికె మీద పరచాలి.

మీ ఇంటికి నెలకు మూడు కిలోల కందిపప్పు పడుతుందనుకుందాం. ఏడాదికి 36 కిలోలు. అర క్వింటాలు కందులు కొని ఇంట్లో పప్పు చేసుకుంటే దాదాపు అంత దిగుతుంది. ఎలా చేయాలో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇప్పటి పిల్లలకు ఇది ఎవరూ చూపించడం లేదు. కందులను చెరిగి, రాళ్లు, పుచ్చులు ఏరేయాలి. జల్లెడ పట్టిన ఎర్రమట్టిని నీళ్లతో జారుగా కలిపి, ప్రతి గింజకూ అంటేలా కందులకు పట్టించి, రాత్రంతా కుప్పగా పెట్టి గోనెసంచి కప్పాలి. మరుసటి రోజు నుంచి మేడ మీద పలుచగా ఆరబోసి బాగా ఎండనివ్వాలి. మట్టి గింజలోని తడిని లాగేస్తుంది, పొట్టు పప్పును వదులుతుంది. ఒక గింజ పంటి కింద పెడితే మెత్తగా నలగకుండా పట్‌మని రెండుగా విడిపోవాలి. అలా విడిపోతే విసురురాయికి సిద్ధమైనట్టు. విసిరి, చెరిగి, నూకను వేరు చేసి పెట్టుకోవాలి. విసురురాయి లేకపోతే చిన్న పప్పు మిల్లులో ఇచ్చి ఆడించుకోవచ్చు కానీ ఎండబెట్టడం మాత్రం మీ మేడ మీదే చేసుకోండి. ఆ పప్పును ఎండిన డబ్బాలో, మూత బిగుతుగా పెట్టి, నాలుగైదు ఎండుమిరపకాయలు వేసి ఉంచితే పురుగు రాదు. అమావాస్య, పౌర్ణమి అని మా అత్తగారు లెక్క పెట్టేవారు. నేను మాత్రం రెండు నెలలకొకసారి మంచి ఎండ చూసి మళ్లీ ఆరబోస్తాను.

శెనక్కాయల నూనె గురించి మీ పక్కింటి ఆయన మాటను కొంచెం పక్కన పెట్టండి. గానుగలో ఒక లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి, కిలోన్నర దాకా చెక్క మిగులుతుంది. కనుక రెండున్నర కిలోల గింజల ధర, ఆడించిన కూలి కలిపి, అందులోంచి చెక్క ధర తీసేస్తే మీ లీటరు నూనె ఖరీదు వస్తుంది. అంగట్లో గింజలు కొని ఆడిస్తే అది పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు కంటే తక్కువకు రాదు. రుచికీ నమ్మకానికీ ఆడించుకోండి, ఆదా కోసం కాదు. సొంత కాయలు ఉన్నవారి సంగతి వేరు, అప్పుడు లెక్కే మారిపోతుంది.

ఎలా ఆడించినా ఒక జాగ్రత్త చెప్పాలి. కోతకు ముందు వాన లేక బెట్టకు వచ్చిన పంటలోనూ, సరిగా ఎండని కాయల్లోనూ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయానికి హాని చేస్తుంది. ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నూనెలో అది చాలా వరకు పోతుంది, గానుగ నూనెలో మిగిలే అవకాశం ఉంది. అందుకని ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కొక్కటీ ఏరి పారేయాలి. ఆ గింజలు కోళ్లకు కూడా వేయకూడదు. కాయ చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. అలా ఎండిన కాయలను పొట్టుతోనే నిలవ చేసి, మూడు నెలలకు కావలసినంత మాత్రమే ఒలిచి ఆడించుకుంటే నూనె కనరు వాసన రాదు.

టమోటాల మాట కూడా రాస్తాను. ఏటా ఒక్కసారైనా పత్తికొండలో, మీ కక్కలపల్లి మార్కెట్టులో ధర పడిపోయి రైతులు పెట్టెలు రోడ్డు పక్కన పారబోసే రోజులు వస్తాయి. ఆ వారంలో రెండు పెట్టెలు తెచ్చి, చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, పలుచని గుడ్డ కప్పి మేడ మీద ఎండబెడితే వరుగులు అవుతాయి. మన ఎండకు రెండు మూడు రోజులు చాలు. మటిక్కాయలు (గోరుచిక్కుడు), వంకాయలు కూడా అలాగే వరుగులు చేయవచ్చు. మే నెలలో టమోటా ధర చెట్టెక్కినప్పుడు పప్పులోకి ఈ వరుగులే వేసుకోవచ్చు. ఊరిబిండికైతే (రోటి పచ్చడికి) పచ్చి టమోటా కంటే ఇదే బాగుంటుందని మా ఇంట్లో అంటారు.

సరుకులన్నీ ఒకే ఏడాది కొనాలని చూడకండి. జీతగాడికి నవంబరులో ఒకేసారి అంత డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఈ ఏడాది ఒక్క కందులు తీసుకోండి. ఫిబ్రవరి నుంచి నెలనెలా పప్పుకు పోయే డబ్బును పోస్టాఫీసులో గానీ, మీ ఇంటావిడ పొదుపు సంఘంలో గానీ పక్కన పెడితే, వచ్చే పంటకు ఇంకొక సరుకు దానితోనే వస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసి మాత్రం నిలవ సరుకు కొనవద్దు. ఏడాదికి 24 రూపాయలు వడ్డీకే పోతే, పంట రోజుల్లో తక్కువకు కొన్న లాభమంతా అప్పిచ్చినవాడికే చేరుతుంది.

జవాబు: పెన్నా ఇసుక (తాడిపత్రి)

ఎనుము గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. మా ఇంట్లో పాడి ఉంది. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పి, ఐదు సెంట్లలో ఎనుము వద్దని చెప్పండి. పాలిచ్చే ఎనుముకు రోజుకు ఇరవై కిలోలకు పైగా పచ్చిమేత, ఐదారు కిలోల ఎండుమేత కావాలి, చెక్క, తవుడు వేరే. సొంత చేను చేతిలో లేకుండా పట్టణంలో మేత కొని పెడితే, మీరు అంగట్లో కొనే పాల కంటే మీ పాలు ఖరీదైనవి అవుతాయి. పైగా అది వట్టిపోయిన నెలల్లో మేతకు సెలవు ఉండదు. గోబర్ గ్యాస్ కోసం అనుకుంటే, ఇద్దరు ముగ్గురి వంటకు సరిపోయే చిన్న ప్లాంటుకే రోజుకు పాతిక కిలోల పేడ పడుతుంది. ఒక్క ఎనుము అంత పేడ వేయదు.

దగ్గరలో ఎనుములు ఉన్న ఇంటితో ఒక ఒప్పందం చేసుకోండి. మీ గానుగ చెక్క, కంది పొట్టు, నూక, కూరగాయల తొక్కలు వారికి ఇవ్వండి. బదులుగా పాలు ధర తగ్గించి పోయమనండి, తోటకు పేడ ఇవ్వమనండి. మా వీధిలో ఇది చాలా ఇళ్లలో నడుస్తోంది, ఎవరూ కాగితం రాసుకోలేదు. ఆ పేడలో ఒక కిలో తీసుకుని, 20 లీటర్ల నీళ్లలో ఒక లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల ఏదైనా పప్పు పిండి, గుప్పెడు మట్టి కలిపి, నీడలో ఉంచి, రోజూ కలియతిప్పుతూ రెండు రోజులు ఊరనిస్తే జీవామృతం తయారవుతుంది. వారంలోపు మొక్కలకు పోసేయాలి.

అమ్మగారికి ఏదో ఒక జీవం ఇంట్లో తిరగాలని ఉంటే ఐదారు కోళ్లు పెట్టుకోండి. నాటుకోడి ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు మాత్రమే పెడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ రకం అంతకు రెట్టింపు పైనే పెడుతుంది, పెరట్లో తిరిగి బతుకుతుంది. అయితే అది పొదగదు, పిల్లలను మళ్లీ కొనాలి. కొక్కెర తెగులుకు (రాణీఖెట్ జబ్బుకు) టీకా తప్పకుండా వేయించండి, అది వస్తే వీధిలో ఒక్క కోడి మిగలదు.

అనంత గృహస్థు (అనంతపురం)

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎనుము సంగతి పైన రాసినదంతా అమ్మకు చదివి వినిపించాను. మేత లెక్క విని, కోళ్లకు సరేనన్నది. సొంత కాయలు ఉంటే నూనె లెక్క వేరని కడప అమ్మగారు రాశారు. మా రెండెకరాల్లో గుత్తకు చేస్తున్న రైతు శెనక్కాయలే వేస్తాడు, మధ్యలో కంది సాళ్లు కూడా పోస్తాడు. ఏటా డబ్బు తీసుకునే బదులు కాయలూ కందులూ తీసుకుంటే బాగుంటుందా? ఆయన మాకు వరుసకు చిన్నాన్న అవుతాడు, మాట పట్టింపు రాకూడదన్నది నా భయం.

జవాబు: కంది కట్టె (కళ్యాణదుర్గం)

ఇది మా ఊరి పక్క సంగతి కాబట్టి నేను చెబుతాను. ధాన్యం గుత్త మనకు కొత్త కాదు, డబ్బు గుత్తే తరువాత వచ్చింది. అయినా అందులో రెండు రకాలు ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. కోరుకు ఇస్తే పండినదాంట్లో సగం మీది, పండకపోతే ఇద్దరికీ ఏమీ లేదు. గుత్తకు ఇస్తే పండినా పండకపోయినా ఇన్ని మూటలని ముందే అనుకుంటారు. మన మెట్ట మీద శెనక్కాయ పంట వాన దయ. జూలైలో విత్తినా, కాయ ఊరే రోజుల్లో వాన మొహం చాటేస్తే ఇంటికి వచ్చేది కట్టె మాత్రమే. అటువంటి ఏడాది కూడా మూటలు కొలవమని పట్టుబడితే, మీ చిన్నాన్న అంగట్లో కాయలు కొని మీకు కొలవాలి. మాట పట్టింపు వచ్చేది అక్కడే.

అందుకని మధ్యే మార్గంగా నేను చెప్పేది ఇది. రెండెకరాలకు మూడు మూటల కాయలు, అర మూట కందులు అని అనుకోండి. పంట పోయిన ఏడాదికి కాయలు అడగబోమని, కందులు మాత్రం ఎంత పండితే అందులో ఒక వంతు తీసుకుంటామని ముందుగానే పెద్దవాళ్ల ఎదుట చెప్పండి. కంది ఆలస్యంగా కోతకు వస్తుంది, వేరు లోతుకు పోతుంది, అక్టోబరు వానలను కూడా వాడుకుంటుంది కనుక శెనక్కాయ పోయిన చాలా సంవత్సరాల్లో కంది ఎంతో కొంత ఇస్తుంది. మూట 40 కిలోలు అనుకుంటే మూడు మూటల కాయలకు 84 కిలోల దాకా గింజలు, వాటికి 33 లీటర్ల నూనె వస్తుంది. మీ ఇంటికి ఏడాదికి అది దాదాపుగా సరిపోవచ్చు. మా వైపు ఎక్కువగా కదిరి-6 రకమే వేస్తారు, నూనెకు మంచి గింజే.

కడప అమ్మగారు రాసిన దాంట్లో ఒక్క విషయంలో నేను ఏకీభవించలేను. పంట రోజుల్లో కొన్నది ఎప్పుడూ లాభమే అన్నట్టుగా రాశారు. కందుల ధర గత సంవత్సరాల్లో ఎగుడుదిగుడుగా నడిచింది. కోతల్లో ఎక్కువ ఉండి, విదేశాల నుంచి దిగుమతులు వచ్చాక వేసవిలో తగ్గిన ఏడాదులూ ఉన్నాయి. నిలవ సరుకు కొనడాన్ని వ్యాపారంగా చూస్తే నిరాశే మిగులుతుంది. ఇంట్లో పప్పు ఉన్నందుకు అంగడికి పోవడం తగ్గుతుంది, పోయిన ప్రతిసారీ పప్పుతో పాటు సంచిలో పడే బిస్కెట్ల ప్యాకెట్లు తగ్గుతాయి. ఆదా ఎక్కువగా అక్కడే ఉందని నా అనుభవం.

ఇంకొకటి. కంది కోసిన తరువాత మీ చేలో మిగిలే కట్టెలు ఒక బండెడు ఇవ్వమని చిన్నాన్నను అడగండి. పెరట్లో నీళ్ల పొయ్యి ఒకటి వేసుకుంటే, చలికాలం స్నానాల నీళ్లకు గ్యాసు ముట్టించే పని ఉండదు. కంది కట్టె తొందరగా అంటుకుంటుంది, పొగ తక్కువ, తుమ్మ కట్టెలా గొడ్డలితో నరకనవసరం లేదు. వానకు తడవని చోట నిలబెట్టి పెట్టుకోవాలి.

జవాబు: కడప గడప (కడప)

కంది కట్టె గారూ, ధరల మాట మీరన్నది నిజమే. డబ్బు లెక్కకు మించి, ఏ మందు పట్టించని పప్పు ఇంట్లో ఉంటుందన్నది నాకు ముఖ్యం. అది అందరికీ అంత ముఖ్యం కాకపోవచ్చు.

జవాబు: హంద్రీ ఒడ్డు (కర్నూలు)

గృహస్థు గారూ, సంపు ఒకేసారి కట్టించడానికి డబ్బు చాలకపోతే ఈ ఏడాదికి గొట్టం, ఇసుక తొట్టి మాత్రం పెట్టించి, ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ ట్యాంకులోకి పట్టుకోండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే మీకు నలభై రోజుల తాగునీరు. సెప్టెంబరు, అక్టోబరుల్లో అది మళ్లీ మళ్లీ నిండుతుంది కనుక ఆ రెండు నెలలూ, ఆ తరువాత ఇంకొక నెలా క్యాన్లు ఆపవచ్చు. సంపు గుంత తవ్వేటప్పుడు మరుగుదొడ్డి గుంతకు ఎంత దూరం వీలైతే అంత దూరంలో, దానికంటే ఎగువన ఉండేలా చూసుకోండి; లోపల రెండు పూతల సిమెంటు వేయించి, వారం రోజులు తడిపిన తరువాతే నీళ్లు పట్టండి. పిల్లలున్న ఇల్లు కాబట్టి మూతకు ఇనుప చట్రం, తాళం పెట్టించండి. మీ మేడ నీళ్లు ఇప్పుడు ఎన్ని గొట్టాల ద్వారా కిందికి దిగుతున్నాయో, ఏ వైపుకు వాలు ఉందో రాస్తే, తొట్టి ఎక్కడ పెట్టాలో చెబుతాను.